సౌండ్ కార్డే సిగ్నల్ జనరేటర్: కొలిచి, సరిచూసి వాడుకునే పద్ధతి

కొత్తగా సోల్డర్ చేసిన ఆంప్లిఫయర్ బోర్డుకి కరెంటిచ్చాక చాలామంది చేసే మొదటి పని పాట పెట్టడం. పాట వినబడితే బోర్డు బతికి ఉన్నట్టే. కానీ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతోంది) ఎంత, ఎంత సిగ్నల్ దగ్గర క్లిప్ అవుతోంది (అల కొనలు తెగిపోతున్నాయి), 50 హెర్ట్జ్ దగ్గర స్వరం ఎందుకు పలచబడింది అని అడిగితే పాట చెప్పదు. దానికి మనకి తెలిసిన ఫ్రీక్వెన్సీలో, మనకి తెలిసిన వోల్టేజీలో, కదలకుండా నిలబడే సిగ్నల్ కావాలి. అది ఇచ్చే పరికరం పేరు సిగ్నల్ జనరేటర్. ఆడియో పరిధి వరకు ఆ పని మీ కంప్యూటర్‌లోని సౌండ్ కార్డు చేసిపెడుతుంది, అదీ చాలా బాగా.

ఒక్క సంగతి మాత్రం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. సౌండ్ కార్డు ఫ్రీక్వెన్సీని అడిగింది అడిగినట్టే ఇస్తుంది. వోల్టేజీ మాత్రం కొలిస్తేగానీ తెలియదు. తెర మీద 0.5 అని కనిపించినంత మాత్రాన బయటికి అర వోల్టు వస్తుందని కాదు. ఈ వ్యాసంలో సగం ఆ వోల్టేజీని పట్టుకోవడం గురించే.

ముందు హద్దులు తెలుసుకోవాలి

కార్డులోని గడియారం క్వార్ట్జ్ స్ఫటికంతో నడుస్తుంది. ఆ స్ఫటికం పది లక్షలకి 100 పాళ్లు తప్పినా, 1000 హెర్ట్జ్ అడిగితే తేడా 0.1 హెర్ట్జ్ మాత్రమే. నాబ్ తిప్పి డయల్ మీద గీత చూసుకునే పాతకాలపు ఆడియో ఆసిలేటర్లు ఈ విషయంలో దీని దరిదాపుల్లోకి కూడా రావు.

పై హద్దు శాంప్లింగ్ రేటులో, అంటే కార్డు సెకనుకి పంపే శాంపిళ్ల సంఖ్యలో, సగం. 48 కిలోహెర్ట్జ్ దగ్గర నడిపితే సిద్ధాంతం ప్రకారం 24 కిలోహెర్ట్జ్, ఆచరణలో 20 నుంచి 22 వరకు. 192 కిలోహెర్ట్జ్ కార్డులతో 80, 90 వరకు లాగొచ్చు, అదీ అవుట్‌పుట్ ఫిల్టరు ఒప్పుకుంటేనే. రేడియోల 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (స్టేషన్ సిగ్నల్‌ని మార్చుకునే మధ్యంతర ఫ్రీక్వెన్సీ) సర్క్యూట్లకి నేరుగా సిగ్నల్ ఇవ్వడం దీని వల్ల కాదు.

కింది హద్దు గురించి చాలామంది ఆలోచించరు. మామూలు సౌండ్ కార్డుల అవుట్‌పుట్ దగ్గర డీసీని ఆపే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి నిలకడ డీసీ రాదు, కొన్ని హెర్ట్జ్‌ల కింద సిగ్నల్ సన్నబడిపోతుంది. 1 హెర్ట్జ్ ర్యాంప్ (ఏటవాలుగా పెరిగే వోల్టేజీ) కావాలనుకుంటే వేరే దారి చూసుకోవాలి.

కేబులు, దాని చివర చిన్న రక్షణ

కావలసినవి: 3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్ పిన్ను, ఒక మీటరు షీల్డ్ వైరు, 1 కిలో ఓమ్ రెసిస్టరు, 10 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కెపాసిటరు, 5.1 వోల్టుల జీనర్ డయోడ్లు రెండు, ఏసీలో 2 వోల్టుల రేంజి ఉన్న మల్టీమీటరు.

మల్టీమీటర్ దగ్గర ఒక్క మాట. బాగా చవకైన పసుప్పచ్చ మీటర్లలో ఏసీకి 200, 750 వోల్టుల రేంజిలే ఉంటాయి. 200 రేంజిలో 0.62 వోల్టులు కొలిస్తే వచ్చే అంకెతో పని జరగదు. 2 వోల్టులో, 4 వోల్టులో రేంజి ఉన్నదో లేక ఆటో రేంజి మీటరో దొరకబుచ్చుకోండి.

జాక్ పిన్ను కొన ఎడమ చానెల్, మధ్య ఉంగరం కుడి చానెల్, పొడవాటి చివరి భాగం గ్రౌండు. ల్యాప్‌టాప్‌లలో మైకు, హెడ్‌ఫోన్ కలిపిన నాలుగు భాగాల సాకెట్ ఉంటుంది. ఇప్పటి అమరికలో ఎక్కువగా కొన ఎడమ, మొదటి ఉంగరం కుడి, రెండో ఉంగరం గ్రౌండు, చివరిది మైకు. మూడు భాగాల పిన్ను దూరిస్తే చివరి రెండూ కలిసి గ్రౌండవుతాయి. సిగ్నల్ ఇవ్వడానికి అది ఇబ్బంది కాదు.

ఇక రక్షణ. జాక్ వైపు నుంచి వరస ఇది: ఎడమ చానెల్ వైరు నుంచి గ్రౌండుకి రెండు జీనర్లు ఒకదానికొకటి ఎదురుగా సిరీస్‌లో, తర్వాత సిగ్నల్ దారిలో 1 కిలో ఓమ్, ఆ తర్వాత 10 మైక్రోఫారడ్, చివర ప్రోబు. పొరపాటున ప్రోబు 30 వోల్టుల పాయింటుకి తగిలినా కెపాసిటరు డీసీని ఆపుతుంది. తగిలిన క్షణంలో వచ్చే తోపుని 1 కిలో ఓమ్ సుమారు 30 మిల్లీ యాంపులకి కట్టేస్తుంది. ఆ కాస్తని జీనర్లు గ్రౌండులోకి పంపేస్తాయి. సౌండ్ కార్డు గరిష్ఠంగా 2 వోల్టుల ఆర్‌ఎంఎస్ (మీటరు ఏసీలో చూపించే విలువ) ఇచ్చినా దాని శిఖరం 2.83 వోల్టులే కాబట్టి జీనర్లు మామూలు సిగ్నల్ జోలికి రావు.

కెపాసిటరు 1 మైక్రోఫారడ్ పెడితే చాలదా అని అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. మీరు పరీక్షించే సర్క్యూట్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు, మన రెసిస్టరు 1, మొత్తం 11. దానికి 1 మైక్రోఫారడ్ జత చేస్తే కటాఫ్ (సిగ్నల్ 0.707 రెట్లకి పడిపోయే ఫ్రీక్వెన్సీ) 14.5 హెర్ట్జ్. అంటే 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 2 డెసిబెల్‌లు మన కేబులే మింగేస్తుంది, ఆ తప్పు సర్క్యూట్ నెత్తిన పడుతుంది. 10 మైక్రోఫారడ్ అయితే కటాఫ్ 1.5 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, పీడా పోతుంది.

మైక్ ప్రీఆంప్లిఫయర్ లాంటి వాటికి కొన్ని మిల్లీ వోల్టులే ఇవ్వాలి. దాని కోసం సాఫ్ట్‌వేర్‌లో సిగ్నల్‌ని పాతాళానికి దించకండి. అప్పుడు సిగ్నల్ తగ్గుతుంది కానీ కార్డు సొంత నాయిస్ తగ్గదు. ప్రోబు చివర 10 కిలో ఓమ్ సిరీస్‌లో, 100 ఓమ్ గ్రౌండుకి ఉండే డివైడర్ (వోల్టేజీని తగ్గించే రెసిస్టర్ల జత) పెడితే సిగ్నలూ నాయిసూ కలిసే నూరో వంతుకి దిగుతాయి. 1 వోల్టుకి సుమారు 10 మిల్లీ వోల్టులు వస్తాయి.

దేనికి తగిలించకూడదు

మెయిన్స్‌కి నేరుగా కలిసి ఉండే ఏ సర్క్యూట్‌కీ ఈ ప్రోబు తగిలించకండి. ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ప్రైమరీ వైపు, ట్రాన్స్‌ఫార్మర్ లేని ఎల్ఈడీ డ్రైవర్లు, ఛాసిస్‌కే కరెంటుండే పాత వాల్వ్ రేడియోలు, టీవీలు ఈ జాబితాలోవే. కంప్యూటర్ గ్రౌండు అడాప్టరు ద్వారా ఎర్త్‌కి కలిసి ఉండొచ్చు. అలాంటి చోట మన చిన్న జీనర్లు మిమ్మల్నీ కాపాడవు, కంప్యూటర్‌నీ కాపాడవు.

సర్క్యూట్‌కీ, కంప్యూటర్‌కీ రెండింటికీ ఎర్త్ ఉంటే గ్రౌండ్ లూప్ ఏర్పడి గుయ్‌మని హమ్ వస్తుంది. ల్యాప్‌టాప్ అయితే అడాప్టర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు పోతుంది. పోకపోతే మధ్యలో 600 ఓమ్‌ల 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు బాగా కింది ఫ్రీక్వెన్సీల దగ్గర సైన్ వేవ్‌ని వంకర చేస్తాయి కాబట్టి బేస్ పరీక్షలకి దాన్ని నమ్మొద్దు.

కంప్యూటర్ నోరు మూయించడం

సౌండ్ కార్డుతో వచ్చే తప్పుడు కొలతల్లో ఎక్కువ భాగం కార్డు తప్పు కాదు. మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ మన మేలు కోరి చేసే పనుల ఫలితం.

విండోస్‌లో సౌండ్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ పరికరం ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. అడ్వాన్స్‌డ్‌లో డిఫాల్ట్ ఫార్మాట్‌ని 24 బిట్, 48000 హెర్ట్జ్‌గా పెట్టండి. మీరు తయారుచేసే సిగ్నల్ కూడా అదే రేటులో ఉండాలి. రెండూ వేరైతే విండోస్ మధ్యలో రేటు మారుస్తుంది, ఆ మార్పిడి సిగ్నల్‌లో లేనిపోని మలినాలు కలపొచ్చు. 44.1 బదులు 48 ఎందుకంటే, పాత ఏసీ'97 రకం చిప్పుల్లో చాలావాటికి లోపలి గడియారం 48కే కట్టుబడి ఉండేది, 44.1 ఇస్తే అవే మార్చుకునేవి. ఇప్పటి వాటికి ఆ బాధ తక్కువ. అయినా అలవాటు మంచిదే.

అక్కడే ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. బేస్ బూస్ట్, వర్చువల్ సరౌండ్, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్, గదిని బట్టి సరిచేసేవి, ఏదీ ఉండకూడదు. డ్రైవర్‌తో పాటు వచ్చిన వేరే కంట్రోల్ ప్యానెల్ ఏదైనా ఉంటే అందులో కూడా వెతకండి, ఇవి రెండు చోట్ల దాక్కుంటాయి. కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో డూ నథింగ్ ఎంచుకోండి. లేకపోతే కాల్ వచ్చినప్పుడు మీ టెస్ట్ సిగ్నల్ దానంతటదే 80 శాతం తగ్గిపోతుంది. సిస్టమ్ శబ్దాలు, నోటిఫికేషన్లు ఆపేయండి. స్పీకర్ మీద సన్నగా 40 హెర్ట్జ్ వింటూ చెవి దగ్గరగా పెట్టినప్పుడు మెయిల్ వచ్చిందన్న టింగుమనే శబ్దం ఎలా తగులుతుందో ఒకసారి తగిలితే గానీ తెలియదు.

మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో శాంప్లింగ్ రేటు మార్చుకోవచ్చు. లినక్స్‌లో ఆల్సామిక్సర్ తెరిచి మాస్టర్, పీసీఎం రెండు మీటల స్థానం చూసుకోండి. అక్కడ స్పీకర్-టెస్ట్ అనే చిన్న కమాండు కూడా ఉంటుంది, సైన్ రకం, ఫ్రీక్వెన్సీ చెబితే ఏ ప్రోగ్రామూ తెరవకుండానే టోన్ వాయిస్తుంది.

బ్లూటూత్ స్పీకర్ ద్వారా, ఎంపీ3 ఫైలు ద్వారా టెస్ట్ సిగ్నల్ పంపొద్దు. రెండూ చెవికి వినబడదనుకున్నది తీసి పారేసే పద్ధతులు. కొలతకి ఆ పారేసినవే కావాలి. ఫైలుగా దాచుకోవాలంటే వావ్ గానీ ఫ్లాక్ గానీ.

మొదటి టోన్

ఉచితంగా దొరికే ఆడాసిటీ ఈ పనికి సరిపోతుంది. గది అకౌస్టిక్స్ కొలిచేవాళ్లకి తెలిసిన రూమ్ ఈక్యూ విజార్డ్‌లో కూడా మంచి జనరేటర్ ఉంది, టోన్ నడుస్తుండగానే ఫ్రీక్వెన్సీ మార్చుకోవచ్చు. ఇక్కడ ఆడాసిటీతోనే చెబుతాను, ఏం జరుగుతోందో అందులో కళ్లకి కనిపిస్తుంది.

1. ప్రాజెక్ట్ రేటు 48000 గా పెట్టండి. పాత వెర్షన్లలో ఇది కింద ఎడమ మూల ఉండేది, కొత్తవాటిలో ఆడియో సెటప్ సెట్టింగుల్లోకి మారింది.

2. జనరేట్ మెనూలో టోన్ తెరవండి. వేవ్‌ఫామ్ సైన్, ఫ్రీక్వెన్సీ 100, ఆంప్లిట్యూడ్ 0.5, నిడివి సరిగ్గా 1 సెకను.

3. వచ్చిన ట్రాక్‌ని లూప్‌లో ప్లే చేయండి. 1 సెకనే ఎందుకంటే, పూర్ణాంక హెర్ట్జ్ ఏదైనా 1 సెకనులో పూర్తి ఆవృత్తులతోనే ముగుస్తుంది. చివరా మొదలూ అతుకు లేకుండా కలుస్తాయి. 1.3 సెకన్ల ముక్కని 997 హెర్ట్జ్‌తో లూప్ చేసి చూడండి, తిరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది.

4. ప్రోగ్రామ్‌లోనూ, సిస్టమ్‌లోనూ వాల్యూమ్ మీటలని ఒక స్థానంలో పెట్టి ఇక ముట్టుకోకండి. లెవెల్ మార్చాలంటే ఇకపై ఆంప్లిట్యూడ్ గడిలోనే.

ట్రాక్‌ని బాగా పెద్దది చేసి చూస్తే 20 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ విరిగిన కర్రల్లా కనిపిస్తుంది. ఆవృత్తికి 2.4 శాంపిళ్లే కాబట్టి తెర మీద చుక్కలు కలిపితే అలాగే ఉంటుంది. కంగారు పడొద్దు. కార్డులోని ఫిల్టరు ఆ చుక్కల గుండా పోగలిగే ఒకే ఒక సైన్ వేవ్‌ని గీస్తుంది. ఆసిలోస్కోప్ పెడితే నున్నగానే కనిపిస్తుంది.

కాలిబ్రేషన్, అసలు పని ఇదే

100 హెర్ట్జ్ టోన్ 0.5 ఆంప్లిట్యూడ్‌తో నడుస్తుండగా మల్టీమీటర్‌ని ఏసీ 2 వోల్టుల రేంజిలో పెట్టి ప్రోబు చివర కొలవండి. 100 హెర్ట్జే ఎందుకంటే, మామూలు మీటర్లు మెయిన్స్ ఫ్రీక్వెన్సీ చుట్టూ సరిగ్గా చదువుతాయి, చాలావాటికి 400 హెర్ట్జ్ దాటాక నమ్మకం తగ్గుతుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర మీటరు చూపించేది మీటర్ గురించే చెబుతుంది, సిగ్నల్ గురించి కాదు.

మీటరు 0.62 చూపించిందనుకుందాం. అప్పుడు ఆంప్లిట్యూడ్ 1.0 అంటే 1.24 వోల్టుల ఆర్‌ఎంఎస్. స్కోప్ మీద శిఖరం నుంచి శిఖరానికి చూస్తే దానికి 2.83 రెట్లు, అంటే 3.5 వోల్టులు. మీకు 100 మిల్లీ వోల్టులు కావాలంటే 0.1ని 1.24తో భాగించండి, 0.081 ఆంప్లిట్యూడ్ పెట్టండి. పని అయిపోయింది. మీ జనరేటర్‌కి ఇప్పుడు డయల్ వచ్చింది.

అయిపోయిందనుకునే ముందు ఇంకో కొలత. ఆంప్లిట్యూడ్ 0.25 పెట్టి చూడండి, 0.31 రావాలి. 0.05 పెడితే 0.062. సగం చేస్తే సగం, పదో వంతు చేస్తే పదో వంతు రాకపోతే దారిలో ఎవరో వేలు పెడుతున్నారు. నాకు ఇది ఒక సాయంత్రం ఖర్చుపెట్టించి నేర్పిన పాఠం. ఒక టోన్ కంట్రోల్ బోర్డుకి సిగ్నల్ పెంచుతూ తగ్గిస్తూ ఎంత చూసినా అవుట్‌పుట్ పెద్దగా మారడం లేదు. ఐసీ పోయిందనుకుని మార్చాను, కెపాసిటర్లు మార్చాను, చివరికి బోర్డు పీకేసి ప్రోబు చివర మీటరు పెడితే అక్కడే అసలు కథ: ఆంప్లిట్యూడ్ 0.5 నుంచి 0.05కి దించినా వోల్టేజీ మూడో వంతు కూడా తగ్గలేదు. డ్రైవర్ ప్యానెల్లో ఎక్కడో చిన్న, పెద్ద శబ్దాలని సమం చేసే ఎఫెక్ట్ ఒకటి టిక్ పెట్టుకుని కూర్చుంది. కొత్త ఐసీ ఇప్పటికీ ఆ బోర్డులోనే ఉంది. పాతది కూడా బాగానే పనిచేస్తోంది.

అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (కార్డు లోపలి నిరోధం) కూడా ఇప్పుడే కొలిచేయండి. ఇది రక్షణ సర్క్యూట్ లేకుండా నేరుగా జాక్ దగ్గర కొలవాలి. లోడ్ లేకుండా 0.62 వోల్టులు, 100 ఓమ్‌లు కట్టాక 0.465 వచ్చిందనుకోండి. 0.62ని 0.465తో భాగిస్తే 1.333, అందులోంచి 1 తీసేసి 100తో గుణిస్తే 33 ఓమ్‌లు. హెడ్‌ఫోన్ అవుట్ అయితే 100 ఓమ్‌ల లోడ్ సరే, లైన్ అవుట్ అయితే 1 కిలో ఓమ్‌తో కొలవండి, పాపం దానికి అంత కరెంటు ఇచ్చే అలవాటుండదు.

ఈ సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉంది?

లైన్ ఇన్ ఉంటే అవుట్‌పుట్‌ని కేబులుతో దానికే కలిపి రికార్డు చేసి చూడండి. ముందుగా ఇన్‌పుట్ మానిటరింగ్ ఆపేయాలి. లేకపోతే లోపలికి వెళ్లింది మళ్లీ బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లి కేక పెడుతుంది. మైక్ సాకెట్ మాత్రం ఈ పనికి వద్దు. అది మిల్లీ వోల్టుల కోసం చేసింది, పైగా మైకుకి వోల్టేజీ కూడా పంపుతుంటుంది.

ఈసారి 1000 బదులు 997 హెర్ట్జ్ వాడండి. వింతగా ఉన్నా దీనికి కారణం ఉంది. 48000ని 1000తో భాగిస్తే సరిగ్గా 48. అంటే ప్రతి ఆవృత్తిలోనూ అవే 48 శాంపిళ్లు తిరిగి తిరిగి వస్తాయి. కార్డులోని కన్వర్టర్‌కి 16 బిట్లయితే 65,536 మెట్లుంటే, వాటిలో గుప్పెడు మాత్రమే పరీక్షకి వస్తాయి. 997 ప్రధాన సంఖ్య కావడంతో సెకను పొడుగునా ఒక్కో ఆవృత్తి ఒక్కో చోట కోసుకుంటుంది, ఎక్కువ మెట్లు తొక్కుతుంది. డిజిటల్ ఆడియో కొలతల ప్రమాణం ఏఈఎస్17లో కూడా 997 హెర్ట్జే ఉంది.

రికార్డు అయినదాన్ని ఎంచుకుని అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరవండి, సైజు పెద్దదిగా పెట్టండి. 997 దగ్గర ఎత్తైన శిఖరం ఉంటుంది. 1994, 2991 దగ్గర చిన్న గుట్టలు కనిపిస్తే అవి హార్మోనిక్‌లు, అంటే డిస్టార్షన్. 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర గుట్ట ఉంటే అది మెయిన్స్ హమ్. ఇప్పుడు సిస్టమ్ వాల్యూమ్‌ని చివరి మెట్టు నుంచి ఒక్కొక్కటిగా దించుతూ మళ్లీ రికార్డు చేయండి. కొన్ని కార్డుల్లో చివరి రెండు మూడు మెట్ల దగ్గర హార్మోనిక్‌లు ఒక్కసారిగా పడిపోతాయి. అవి పడిపోయిన చోటే మీ వాల్యూమ్ మీట శాశ్వత స్థానం. దాన్ని బట్టి కాలిబ్రేషన్ మళ్లీ చేసుకోండి. రికార్డింగ్ వైపు లెవెల్ కూడా మరీ ఎక్కువ పెట్టొద్దు, క్లిప్ అయింది పంపిన వైపో తీసుకున్న వైపో తెలియక తల పట్టుకుంటారు.

ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని లైన్ ఇన్‌కి కలిపి కొలవాలంటే డివైడర్ తప్పనిసరి. ఆ ఆంప్లిఫయర్ బ్రిడ్జ్ రకమైతే (స్పీకర్‌ని రెండు తీగల నుంచీ నడిపేది) ఇంకో గొడవ. దాని స్పీకర్ తీగలు రెండింటిలోనూ సప్లైలో సగం వోల్టేజీ ఉంటుంది, ఏదీ గ్రౌండు కాదు. ఒకదాన్ని కంప్యూటర్ గ్రౌండుకి కలిపారా, ఐసీ పొగ వదులుతుంది.

స్క్వేర్ వేవ్: సౌండ్ కార్డు ఎక్కడ తడబడుతుంది

స్క్వేర్ వేవ్ అంటే మూల ఫ్రీక్వెన్సీతో పాటు దాని 3, 5, 7 రెట్ల బేసి హార్మోనిక్‌ల మొత్తం. ఇది తెలిస్తే తడబాటంతా అర్థమవుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 24 పైన ఏమీ ఉండదు కాబట్టి, 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్‌కి 23 వరకు 12 హార్మోనిక్‌లు దొరుకుతాయి. చూడ్డానికి స్క్వేర్‌లాగే ఉంటుంది, అంచుల దగ్గర మాత్రం అలలు. ఆ అలల్లో మొదటిది మొత్తం ఎత్తులో 9 శాతం దాకా పైకి ఎగురుతుంది. అది మీ ఆంప్లిఫయర్ రింగింగ్ కాదు. 5 కిలోహెర్ట్జ్ దగ్గర మిగిలేవి 5, 15 రెండే. 10 కిలోహెర్ట్జ్ స్క్వేర్ అడిగితే వచ్చేది వట్టి సైన్ వేవ్.

నిజానికి ఇంకా అధ్వాన్నం. ఆడాసిటీలో మామూలు స్క్వేర్ ఎంచుకుంటే 10 కిలోహెర్ట్జ్‌కి మూడో హార్మోనిక్ 30, హద్దు దాటి వెనక్కి మడత పడి 18 కిలోహెర్ట్జ్ దగ్గర తేలుతుంది. అడగని స్వరం. అందుకే టోన్ మెనూలో స్క్వేర్ నో ఎలియాస్ అని వేరే రకం ఇచ్చారు, దాన్నే వాడండి.

కింది వైపు ఇంకో వేషం. 20 హెర్ట్జ్ స్క్వేర్ పెడితే కెపాసిటర్ల వల్ల చదును భాగాలు ఏటవాలుగా జారుతాయి. కాబట్టి స్క్వేర్ వేవ్ పరీక్షలు 100 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య పెట్టుకుంటే మంచిది. అంచు లేవడానికి సుమారు 17 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి స్లూ రేట్ (అవుట్‌పుట్ ఎంత వేగంగా మారగలదు) కొలవడం లాంటి ఆశలు పెట్టుకోవద్దు. 5 వోల్టుల డిజిటల్ సర్క్యూట్‌కి క్లాక్ కావాలంటే సౌండ్ కార్డు నుంచి సైన్ వేవ్ తీసుకుని ఎల్ఎమ్393 లాంటి కంపారేటర్‌కి (రెండు వోల్టేజీలని పోల్చే ఐసీకి) ఇవ్వండి. ఫ్రీక్వెన్సీ కార్డుది, అంచులు కంపారేటర్‌వి.

మిగతా సిగ్నళ్లు, క్లుప్తంగా

స్వీప్: జనరేట్ మెనూలో చర్ప్. 20 నుంచి 20000 హెర్ట్జ్, లాగరిథమిక్, 30 సెకన్లు. ఇది దాదాపు 10 ఆక్టేవులు (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే మెట్లు) కాబట్టి ఒక్కోదానికి 3 సెకన్లు దొరుకుతాయి. ఇక్కడ ఆంప్లిట్యూడ్‌కి మొదలు, చివర అని రెండు గడులుంటాయి. మామూలుగా రెండోది తక్కువగా ఉంటుంది. చూడకుండా వదిలేస్తే ప్రతి ఆంప్లిఫయర్‌కీ పై ఫ్రీక్వెన్సీలు పోయినట్టే కనిపిస్తుంది. రెండింట్లోనూ 0.3 పెట్టండి.

నాయిస్: వైట్ నాయిస్‌లో శక్తి ప్రతి హెర్ట్జ్‌కీ సమానం, పింక్ నాయిస్‌లో ప్రతి ఆక్టేవుకీ సమానం. స్పీకర్ల పనికి పింక్.

రెండు టోన్లు: ఇంటర్‌మాడ్యులేషన్ (రెండు టోన్లు కలిసి పుట్టించే కొత్త ఫ్రీక్వెన్సీలు) చూడాలంటే రెండు ట్రాకుల్లో 19, 20 కిలోహెర్ట్జ్ సైన్‌లు, ఒక్కోటి 0.4 ఆంప్లిట్యూడ్. రెండూ కలిసినా 0.8 దాటవు, క్లిప్ కావు. ఆంప్లిఫయర్ మంచిదైతే అవుట్‌పుట్‌లో 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఏమీ ఉండకూడదు. ఉంటే అది ఆంప్లిఫయర్ సొంత కవిత్వం. హ్యామ్ రేడియోవాళ్లు ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) ట్రాన్స్‌మిటర్ల కోసం ఇదే పని 700, 1900 హెర్ట్జ్‌లతో చేస్తారు.

రెండు చానెళ్లు: స్టీరియో కార్డు అంటే ఒకే గడియారం మీద నడిచే రెండు జనరేటర్లు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. రెండిట్లో ఒకే సైన్ పెట్టి కుడిదాన్ని ఇన్వర్ట్ చేస్తే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (రెండు తీగల మధ్య తేడానే తీసుకునేది) పరీక్షకి డిఫరెన్షియల్ సిగ్నల్ సిద్ధం. ఇన్వర్ట్ తీసేస్తే రెండు తీగల మీదా ఒకే సిగ్నల్, మంచి బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ దాన్ని దాదాపు మాయం చేయాలి. 250 హెర్ట్జ్ పెట్టి కుడి ట్రాక్‌ని 1 మిల్లీ సెకను జరిపితే సరిగ్గా 90 డిగ్రీల తేడా. స్కోప్‌ని ఎక్స్‌వైలో పెడితే గుండ్రటి వృత్తం వస్తుంది.

ఒక ప్రయోగం, దగ్గరగా

10 కిలో ఓమ్, 100 నానోఫారడ్‌లతో లో పాస్ ఫిల్టరు కట్టండి. లెక్క ప్రకారం కటాఫ్ 159 హెర్ట్జ్. మల్టీమీటరుకి అందే పరిధిలోనే ఉంది కాబట్టి దీన్ని ఎంచుకున్నాను. ముందు ఫిల్టరు అవుట్‌పుట్ దగ్గర 20 హెర్ట్జ్‌కి ఎంత వస్తుందో చూసి, అది 0.707 రెట్లకి పడిపోయే ఫ్రీక్వెన్సీ కోసం వెతకండి. 159 దగ్గర పడాలి కదా? 145 దగ్గరే పడిపోతుంది.

కెపాసిటర్ విలువలో తేడా అనుకోవడం సులువు, 10 శాతం అటూఇటూ మామూలే. కానీ అసలు దొంగ మన ప్రోబులోనే ఉన్నాడు. రక్షణ కోసం పెట్టిన 1 కిలో ఓమ్ ఫిల్టరు రెసిస్టర్‌తో కలిసి దాన్ని 11 కిలో ఓమ్‌లు చేసింది. 11తో లెక్క వేస్తే 144.7 హెర్ట్జ్. ఇప్పుడు ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా ఫిల్టరు ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ కొలిచి భాగించి చూడండి. నిష్పత్తి 0.707 అయ్యేది 159 దగ్గరే, కెపాసిటర్ తేడాని పక్కన పెడితే. జనరేటర్ వోల్టేజీ లోడ్‌ని బట్టి వంగినా నిష్పత్తి వంగదు. ఖరీదైన జనరేటర్లకీ 50 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉంటుంది, వాటితోనూ ఇదే జాగ్రత్త.

ఆంప్లిఫయర్ దగ్గరికి వస్తే, స్పీకర్ బదులు 8 ఓమ్‌ల పెద్ద వాటేజీ రెసిస్టరు కట్టండి. 100 హెర్ట్జ్ సైన్‌తో ఇన్‌పుట్‌ని 10 మిల్లీ వోల్టుల నుంచి మెల్లగా పెంచండి. అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌తో భాగిస్తే గెయిన్. ఇన్‌పుట్ పెంచుతున్నా ఆ నిష్పత్తి తగ్గడం మొదలైన చోట క్లిపింగ్ మొదలైనట్టు, స్కోప్ లేకపోయినా పట్టుకోవచ్చు. అక్కడ 8 ఓమ్‌ల మీద 8 వోల్టులుంటే 8 వాట్లు. తర్వాత ఫ్రీక్వెన్సీ మార్చుతూ వెళ్లండి. ఇన్‌పుట్‌ని మధ్యస్థంగా ఉంచి, 400 దాటాక మీటర్ పక్కన పెట్టి లైన్ ఇన్ రికార్డింగుల లెవెల్ పోల్చుకోండి.

స్పీకర్లతోనే చేయాలంటే ట్వీటర్ గుర్తుంచుకోండి. సంగీతంలో పై ఫ్రీక్వెన్సీల శక్తి చాలా తక్కువ, ట్వీటర్‌ని ఆ లెక్కతోనే చేస్తారు. 10 కిలోహెర్ట్జ్ టోన్‌ని గట్టిగా నిమిషం పాటు పెడితే చెవికి పెద్దగా అనిపించకపోవచ్చు, లోపల కాయిల్ మాత్రం కాలిపోతుంది.

కొలతలన్నీ అయ్యాక వాల్యూమ్ మీట స్థానం, ఆంప్లిట్యూడ్ 1.0కి వచ్చే వోల్టేజీ, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఒక కాగితం మీద రాసి ప్రోబు వైరుకే టేపుతో అంటించేయండి. డ్రైవర్ అప్‌డేట్ అయిన రోజు ఆ కాగితం చెల్లదు. 100 హెర్ట్జ్, 0.5 పెట్టి మీటరుతో ఒక్కసారి చూసి, అంకె మారితే కొట్టేసి కొత్తది రాసుకోండి.